నిలవని ప్లాస్టరు

ఆత్మకూరు ఆసుపత్రిలో నర్సు మెహతాబ్ ఇరవై ఏళ్లుగా ప్లాస్టరు ముక్కలు కత్తిరించి ట్రే అంచుకు అంటించుకున్నాకే మంచాల దగ్గరికి వెళుతుంది. ఇవాళ దుత్తలూరు వెంగయ్య చేతికి పెట్టిన సెలైన్ సూది మూడోసారి ఊడింది. ఆ ముసలి చేతుల్లో ఇక ఒక్క నరమే మిగిలింది. అదీ పోతే మందు ఎక్కదు. కొత్త సూది పెట్టి ప్లాస్టరు అదిమితే జారింది. వేలికి జిడ్డు తగిలింది.

"ఏం రాసినావవ్వా?"

"ప్రార్థన నూనె," అంది మంచం పక్కనున్న వెంగయ్య భార్య రెబెకమ్మ. "నొప్పి తగ్గాలని."

"నుదుటికి రాయి. నీ దేవుడూ నేనూ ఒకే చోట పనిచేస్తే ఎట్టా?"

మెహతాబ్ సూదిని బొటనవేలితో పట్టుకుని, చుట్టూ స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి మళ్లీ అంటించింది. ఈసారి ప్లాస్టరు నిలిచింది, సెలైన్ చుక్కలు పడ్డాయి. స్పిరిటుకు పగిలిన ఆమె వేళ్లు చూసి రెబెకమ్మ వాటికి నూనె రాయసాగింది. పక్క మంచానికి వెళ్లాలంటే మళ్లీ చేతులు కడుక్కోవాలి. అయినా మెహతాబ్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.