బెత్తెడు ఇసుక

మా ఫౌండ్రీలో పొద్దుటి షిఫ్టు మొదలవగానే మైనం కరిగే వాసన వస్తుంది. పటాన్‌చెరులో ఏ ఫ్యాక్టరీ గేటు దాటినా ఏదో ఒక ఘాటు ముక్కును పట్టుకుంటుంది కానీ ఇది అలాంటిది కాదు, వెచ్చగా, కాస్త తియ్యగా ఉంటుంది. మైనంతో అచ్చు చేసి, దాని చుట్టూ గుల్ల కట్టి, మైనం కరిగించి తీసేసి అందులో ఉక్కు పోస్తారు. ఆ అచ్చుల కొలతలు సరిచూడటం నా ఉద్యోగం. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు రెండు చోట్లు గుర్తొస్తాయి. ఒకటి, నేను పైచదువుకు వెళ్ళిన చలి దేశంలో ఒక చెక్క గది. అక్కడ మంచు మీద జారే స్కీ ఆటగాళ్ళు తమ పొడుగాటి పలకలకు వేడి మైనం పట్టించేవారు. రెండోది సంగారెడ్డిలో మా కాలేజీ గ్రౌండులోని ఇసుక గుంత. దానికీ మైనానికీ ఏ సంబంధమూ లేదు. ఆ రెంటినీ కలిపింది మా నర్సింలు సార్.

సార్ మాకు డిగ్రీలో ఆటలు నేర్పేవారు. హత్నూర వైపు రైతు కుటుంబం. క్లాసు ఎగ్గొట్టినా ఊరుకునేవారు కానీ గ్రౌండు ఎగ్గొడితే ఇంటికొచ్చి మరీ తిట్టేవారు. లాంగ్ జంప్ అంటే ఆయనకు ప్రాణం. మా బ్యాచ్‌లో ఆ పిచ్చి పట్టినవాళ్ళం ఇద్దరమే, నేనూ అన్వరూ. అన్వర్ వాళ్ళ నాన్న పాత బస్టాండు దగ్గర సైకిల్ షాపు నడిపేవాడు. నేను రోజూ వాడికంటే ముందు వచ్చి, వాడికంటే ఎక్కువ చెమటోడ్చి, చివరికి వాడికంటే మూరెడు ఇవతల పడేవాణ్ణి. రెండో నెలలోనే సార్ తన పాత స్పైక్ బూట్లు వాడికిచ్చి, నా చేతిలో టేపు పెట్టారు.

"నీ కన్ను మంచిగుంది శ్రీనూ. నువ్వు కొలువు."

"నేను గూడ దుంకుత సార్."

"దుంకెటోళ్ళు మస్తుమంది దొరుకుతరు. కొలిచెటోడే దొరకడు."

అది నన్ను బుజ్జగించడానికి అన్న మాటే అనుకున్నాను. నా కడుపు భగ్గున మండింది. ఆ బూట్లు నా కాళ్ళకూ సరిపోతాయి, ఇద్దరిదీ ఒకటే సైజు. ఆ సంగతి సార్‌కు తెలుసో లేదో అని ఎన్ని రోజులు ఆలోచించానో చెప్తే మీరు నవ్వుతారు.

కొలతకు సార్ పెట్టుకున్న పద్ధతి వేరు. కొలిచేవాడు దుంకేవాడికి వీపు తిప్పి, గుంత పక్కన గొంతుక్కూర్చోవాలి. ఎవరు పరిగెత్తి వస్తున్నారో చూడకూడదు. "మనిషిని సూడకు, మన్ను సూడు" అనేవారు. దుంకే ముందు కాలు ఆన్చే పలకకు అన్నిటికంటే దగ్గరగా ఇసుక చెదిరిన చోట చువ్వ గుచ్చాలి. ఒకసారి గుచ్చాక కొలిచినవాడి మాటే మాట. దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు, సార్ కూడా.

యూనివర్సిటీ జట్టు ఎంపిక మా గ్రౌండులోనే జరిగింది. ఒక్క చోటు మిగిలింది. దానికి అన్వర్‌తో జహీరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడొకడు పోటీ పడ్డాడు. అన్వర్ చివరి దుంకుడు అప్పుడు నేను వీపు తిప్పి కూర్చోలేదు. వాడు గాలిలోకి లేవడం చూశాను. ఎంత బాగా లేచాడో చూశాను. వాడి మడమలు దిగిన చోటుకు బెత్తెడు ఇవతల, అంతకు ముందు ఎవరిదో చెయ్యి ఆనిన పాత గుర్తు ఒకటి ఉంది. ఇసుక చదును చేసినప్పుడు నేను వదిలేసినదే. చువ్వ అక్కడ గుచ్చాను.

అన్వర్ ఇసుక దులుపుకుంటూ నా వైపు అయోమయంగా చూశాడు. సార్ వచ్చి గుంత మీదికి వంగారు. ఇసుకను చూశారు, తర్వాత నన్ను చూశారు. "కొలిచినోని మాటే మాట" అని, నేను చెప్పిన అంకే రాయించారు. జహీరాబాద్ కుర్రాడు జట్టులోకి వెళ్ళాడు. మర్నాడు భయపడుతూనే గ్రౌండుకు వెళ్ళాను. సార్ టేపు కొస నా ముందుకు చాపి, "పట్టు" అన్నారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కొన్నేళ్ళకు ఆ చలి దేశంలో, నేను చదివే ఊళ్ళోనే అంతర్జాతీయ విద్యార్థి క్రీడలు జరిగాయి. కొలవడం వచ్చని ఫారంలో రాస్తే నన్ను మగవాళ్ళ స్కీ జంపింగ్ పోటీకి వేశారు. ఎత్తయిన ర్యాంపు మీద నుంచి జారుతూ వచ్చి, గాలిలోకి లేచి, కింద మంచు వాలు మీద దిగాలి. ఎంత దూరం వెళ్ళారన్నది ఒక లెక్క, ఎంత అందంగా వెళ్ళారన్నది ఇంకో లెక్క. వాలు పక్కన మెట్ల మీద మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికి నాలుగైదు మీటర్ల మేర అప్పగించారు. మామూలుగా దూరం కెమెరా చెబుతుంది. ఆ రోజు మంచు జోరుగా కురిసి కెమెరా కొలత ఆగిపోయింది. మా కళ్ళే దిక్కయ్యాయి.

పోటీలో లూకా ఉన్నాడు. హాస్టల్లో నా పక్క గది. ఆరడుగుల మనిషి, ఎవరితోనైనా రెండు నిమిషాల్లో కలిసిపోతాడు. లైబ్రరీలో ఒకమ్మాయితో మాట కలపడానికి నేను నెల రోజులుగా ధైర్యం కూడగట్టుకుంటుంటే, అతను ఒక్క మధ్యాహ్నం ఆమెతో కాఫీ తాగి వచ్చాడు. పైగా మంచివాడు, అసూయపడటానికి ఒక సాకు కూడా ఇచ్చేవాడు కాదు. ఆ లూకా గాలిలో తేలుతూ వచ్చి సరిగ్గా నా మేరలో దిగాడు. తొంభై ఆరున్నర మీటర్లు. స్పష్టంగా చూశాను. వెంటనే నాకు అన్వర్ గుర్తొచ్చాడు. ఇంత కుళ్ళు పెట్టుకున్నవాణ్ణి, మళ్ళీ తగ్గించి చూస్తున్నానేమోనని భయమేసింది. చెయ్యెత్తి "తొంభై ఏడు" అన్నాను.

మొదటి విడత అయ్యేసరికి లూకా మూడో స్థానంలో ఉన్నాడు. నాలుగో అబ్బాయికీ అతనికీ తేడా ఒక్క పాయింటు కూడా లేదు. విరామంలో సార్‌కు ఫోన్ చేశాను. సంగారెడ్డిలో అప్పుడు సాయంత్రం, గ్రౌండులో విజిల్ వినబడుతోంది. ముందు ఈ సంగతి, తర్వాత ఆ పాత సంగతి, రెండూ చెప్పేశాను.

"అన్వర్‌ది నాకు గప్పుడే ఎర్కే" అన్నారు సార్.

"మరెందుకు ఊకున్నరు సార్?"

"కొలిచెటోనివి నువ్వు. నీ మాట నేనే నమ్మకుంటే ఇంకెవడు నమ్ముతడు?" మళ్ళీ ఆయనే అన్నారు: "గప్పుడు వాన్ని సూసినవ్. గిప్పుడు నిన్ను నువ్వు సూసుకున్నవ్. మన్ను ఎప్పుడు సూస్తవ్‌రా?"

నేను ఫోను చెవికి అదిమిపట్టి మంచు వాలు వైపు చూశాను.

"పో, జల్దీ పొయ్యి ఆడ చెప్పు. అన్వర్‌కు గూడ నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

వెళ్ళి కొలతలు చూసే పెద్దాయనకు చెప్పాను. అంకె దిద్దారు. నన్ను కొలత నుంచి తప్పించి, మంచు ఎత్తే పార చేతికిచ్చారు. లూకా చివరికి నాలుగో స్థానంలో ఆగాడు. విషయం తెలిసి ఒక్క మాటా అనలేదు. అదీ ఓర్చుకోలేకపోయాను.

సార్ పోయి రెండేళ్ళయింది. ఆయన చెప్పిన రెండు పనుల్లో ఒకటే చేసి ఊరుకున్నాను. పోయిన నెల అన్వర్ ఫోన్ చేశాడు. వాడిప్పుడు సంగారెడ్డిలో ఒక బడిలో ఆటల సార్. "ఆదివారం మా పిల్లల పోటీలున్నయ్. టేపు పట్టుకొని రా భాయ్. కొలతంటే శ్రీనుదే అని సార్ ఎప్పుడు జూడు గదే అంటుండె" అన్నాడు. సార్ నన్ను మెచ్చుకున్నారని తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ మెచ్చుకోలు కూడా వాడి చెవినే పడింది.

ఆదివారం పిల్లలు గ్రౌండులోకి రాకముందే, గుంత దగ్గర చెప్పేశాను. పాత గుర్తు, చువ్వ, అన్నీ. అన్వర్ ఇసుక చదును చేస్తూ విన్నాడు.

"ఎంత?" అన్నాడు.

"బెత్తెడు."

వాడు చదును చేసిన చోటే మళ్ళీ చదును చేశాడు. ఆ జట్టులోకి వెళ్ళి ఉంటే వాడి బతుకు ఎటు పోయేదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఈలోగా పిల్లలు వరస కట్టారు. అన్వర్ వంగి టేపు కొస తీసి నా ముందుకు చాపాడు.

"పట్టు" అన్నాడు.

అచ్చం సార్ గొంతే. నేను పిల్లలకు వీపు తిప్పి, గొంతుక్కూర్చుని ఇసుక వైపు చూశాను. ఆ గొంతు కూడా వాడికే వచ్చిందని మళ్ళీ కడుపు మండింది.