పత్తి ఒడి

జనగామలో ఫ్యాషన్ డిజైనింగ్ చదివే రోజుల మాట. చివరి ఏడాది షో కోసం నా క్లాస్‌మేట్ స్వప్న, పత్తి ఏరే ఆడవాళ్లు నడుముకు కట్టుకునే గుడ్డ సంచిని, అదే ఒడిని, తన డ్రెస్సుల మీదికి తెచ్చింది. మేడమ్‌లంతా మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండిపోయింది. వాళ్లమ్మ లక్ష్మమ్మ పత్తి ఏరేది పాలకుర్తి దగ్గర మా చేలోనే. చేను మాది, పేరు దానికా అనుకుని, ఎవరికీ చెప్పకుండా నా గౌనుకూ ఒక ఒడి కుట్టేశాను.

షో రోజు మేకప్ గదిలోకి వచ్చిన లక్ష్మమ్మ సరిగ్గా ఆ గౌను దగ్గరే ఆగింది. నేను గౌనుకు అడ్డంగా నిలబడబోయాను.

"గింత బిర్రుగ కుడితె చెయ్యెట్ల దూరుతది బిడ్డా? ఏరిన పత్తి యాడ ఏస్తరు?" అంటూ కుట్లు విప్పి, వదులుగా మళ్లీ కుట్టి, దారం పంటితో కొరికింది. పక్కనే ఉన్న స్వప్న అంతా చూసింది.

స్టేజీ మీద మా ఇద్దరినీ, ఈ ఆలోచన ఎక్కడిదని అడిగారు. స్వప్న "మా అమ్మది" అంది. "మా చేనుది" అని చెప్పాలనుకున్న నేను, ఎదురుగా కూర్చున్న లక్ష్మమ్మను చూశాక మైకు పక్కమ్మాయికి ఇచ్చేశాను.

స్వప్న మీద అసూయ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చేను మాదే. ఒడి కట్టడం మాత్రం మా ఇంట్లో ఒక్కరికీ రాదు.