మసి చెప్పాలె

సల్మాబాద్‌లో మా వర్క్‌షాప్ వడ్రంగి మేస్త్రి ముక్కు మీద మసి లేకుండా నేను చూసింది సెలవు రోజులైన శుక్రవారాల్లోనే. మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్, లైసెన్సుతో కొనితెచ్చే పాత మిలిటరీ రైఫిళ్లకున్న మొద్దు కర్ర పిడి ఊడదీసి, వేటకు పనికొచ్చే తేలికపాటి కర్ర అమర్చడం ఆయన పని. ఇనుముకు దీపపు మసి పూసి, కర్రలో కూర్చోబెట్టి, ఎత్తి చూసేవాడు. మసి అంటిన చోట గోకేవాడు. ఇనుము అంతటా సమంగా ఆనేదాకా అదే తంతు. ఎవరైనా బాగుందంటే, "నువ్వు చెప్తే కాదు, మసి చెప్పాలె" అనేవాడు. దేవుడికైనా ఒకసారి మసి పూసి చూశాకే మొక్కేవాడేమో.

ఒక చలికాలం కఫీల్ వేటకు బయలుదేరుతూ, రైఫిల్ చేతికిస్తే సెలవు కాగితం మీద సంతకం పెడతానన్నాడు. మేస్త్రి ఇల్లు చూసి రెండేళ్లయింది. కఫీల్ రైఫిల్ అందుకుని మురిసిపోయాడు. "ఖలాస్! యల్లా, ఇంటికి పో" అంటూ పెన్ను తీశాడు.

మేస్త్రి రైఫిల్ వెనక్కి లాక్కున్నాడు. "మసి ఇంకా ఒక పక్కనే అంటుతున్నది సేట్. గుండు పక్కకు పోతది."

కఫీల్ పెన్ను జేబులో పెట్టుకుని, ఇంకో రైఫిల్‌తో వెళ్లిపోయాడు. మేస్త్రి సెలవు నెల రోజులు వాయిదా పడింది.

"సంతకం పడేదాకా నోరు మూసుకుంటే నీదేం పోయేది?" అన్నాను.

"పేరు పోయేది" అన్నాడు, గోకుతూనే.

చివరికి సెలవు దొరికి ఇంటికి వెళ్లాడు. వెళ్లిన వారానికే వాళ్లావిడ నాకు ఫోన్ చేసింది.

"అన్నా, దర్వాజ మంచిగనే పడుతున్నదంటే వింటలేడు. మసి పూసుడు, గోకుడు. మీ సేటుకు చెప్పి ఈయనను జల్ది పిలిపించుకోండ్రి."