బుడ్డోడికి నట్టల మందు తాగించిన వైభవం

గొర్రెలకు నట్టల మందు తాగించడంలో తర్లుపాడు మండలం మొత్తం మీద నన్ను మించినవాళ్లు లేరని ఇంటర్ చదివే రోజుల్లో నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఓ గుప్పెడంత కుక్కపిల్ల ఎలా మట్టి కరిపించిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి, మా వీధి మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

మా దొడ్డిలో పుట్టిన దాని పేరు బుడ్డోడు. ఒళ్లంతా ఎముకలే, పొట్ట మాత్రం బూరెలా ఉబ్బి ఉండేది. దాని తోడబుట్టినవన్నీ అలాగే పొట్టలుబ్బి చచ్చిపోయాయి. ఇదీ పోతుందేమోనని నాకు అన్నం సయించలేదు. సంచిలో కూర్చోబెట్టుకుని బస్సెక్కి, మార్కాపురంలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"కడుపు నిండా నట్టపురుగులేనమ్మా. ఇప్పటికన్నా తెచ్చినావు, బతుకుతుంది. ఈ మందు బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా..."

"సార్, మాది గొర్రెలోళ్ల ఇల్లు. నాకు చెప్పాల్నా?" అని సీసా, సూది లేని సిరంజి తీసుకుని వచ్చేశాను.

ఇంటికి రాగానే బుడ్డోణ్ణి గొర్రెలా మోకాళ్ల మధ్య ఇరికించి, దవడ పట్టి తల పైకెత్తాను. తాగినదానికే మళ్లీ తాగించకుండా, మందు తాగిన గొర్రెకు ఎర్రరంగు పూయడం మా ఇంటి అలవాటు. అందుకని అవ్వ రంగు డబ్బాతో పక్కనే కూర్చుంది.

"మెల్లగ పొయ్యవే, అది గొర్రె కాదు."

"నువ్వు చూస్తా ఉండవ్వా, ఒక్క గుటక!" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ సిరంజి మొత్తం ఒక్కసారే నొక్కాను.

బుడ్డోడు తల విదిలించి ఫట్‌మని తుమ్మాడు. మందంతా వచ్చి నా నోట్లో పడింది. కంగారులో గుటుక్కున మింగేశాను.

"నాయనా! మందు తాగేసినా! చచ్చిపోతా!"

నాయన దొడ్డి నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏందే ఆ అరుపు? ఎవురు తాగినారు?"

అవ్వ తొణకలేదు. రంగులో వేలు ముంచి నా నుదుటి మీద ఇంత పొడుగు గీత గీసింది. "ఇది తాగింది. కుక్కపిల్ల తాగలా."

డాక్టరుకు ఫోన్ చేశాను. "సార్, నాకేమన్నా అయితదా?"

ఆయన కాసేపు నవ్వాపుకోలేకపోయాడు. "ఏం కాదులే, నోరు కడుక్కో. అది కుక్కపిల్ల బరువుకిచ్చిన మందు. నీ నట్టలకు యాడ చాలుతుంది?"

సీసాలో మిగిలిన మందు నాయన బుగ్గ పక్కనుంచి చుక్కచుక్కగా పోస్తే బుడ్డోడు బుద్ధిగా తాగాడు. వారం తిరిగేసరికి పొట్ట దిగింది, తోక లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు మా మందకు వాడే కాపలా. దోమకాటుతో గుండెలో చేరే పురుగులు కూడా ఉంటాయట, అవి రాకుండా డాక్టరు రాసిన బిళ్ల నెలనెలా వేస్తున్నాం.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మూగజీవానికి మందు పట్టినా డాక్టరు చెప్పేది చివరిదాకా వింటాను. తాగే పని మాత్రం పూర్తిగా దానికే వదిలేస్తాను.