పెద్దమ్మకి పట్టిన ముసురు

మూడు రోజులుగా ఒకటే ముసురు. పొద్దున్న బీరువా తెరిచేసరికి బూజు కంపు గుప్పుమంది. పట్టుచీర మడతల మీద తెల్లటి చారలు, తోలు చెప్పుల మీద పచ్చటి నూగు. పక్కింటావిడేమో గేటు దగ్గర గొడుగేసుకుని నిలబడి "ఎంత హాయిగా ఉందోనండీ!" అంది. నాకు ఒళ్లు మండింది. వానని మెచ్చుకునేవాళ్లంటే నాకు పడదు. అది మా పెద్దమ్మ పుణ్యమే.

పెద్దమ్మ అంటే అమ్మకి అక్క. రాజోలు దగ్గర పల్లెలో బడిపంతులుగారి భార్య. కాలేజీ చదువుకని నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఎండాకాలంలో ఆవిడంత సరదా మనిషి ఇంకొకరు ఉండరు. కొబ్బరాకు కూడా కదలని ఎండలో మాగాయ ముక్కలు ఆరబోస్తూ, ప్రసంగం మధ్యలో పాస్టరుగారు దగ్గే తీరు చేసి చూపించి మమ్మల్ని నవ్వించి చంపేది. తొలకరి పడ్డ వారానికల్లా ఆ మనిషి మాయమైపోయేది. ముందు మాట తగ్గేది, తర్వాత తిండి. ముసురు పట్టేక ఇంట్లో ప్రతిదీ ఆవిడకి రోతే. దండెం మీద ఆరని గుడ్డల ముక్కిన వాసన, గోడల చెమ్మ, స్నానాల గదిలో పాకే రోకలిబండ పురుగులు, దొడ్లో గోతిలో కుళ్లుతున్న కొబ్బరి డొక్కల కంపు. ఊరంతా పులస కోసం ఎగబడుతుంటే, వీధి చివర ఎవరింట్లో పులుసు ఉడికినా ఈవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. వేళ్ల సందులు నీళ్లలో నాని పాసిపోతే ఆ చేతుల్ని చూసుకుని అసహ్యించుకునేది. చుట్టాలు 'వానాకాలం పిచ్చి' అని నవ్వేవారు. పాస్టరమ్మగారు వచ్చి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లేవారు.

పెదనాన్నగారి తమ్ముడు, మా బాబాయి, అమలాపురంలో ఉద్యోగం చేస్తూ వారపత్రికలకి కథలు రాసేవాడు. ఒక వానాకాలం ఆదివారం, ఆరాధన అయ్యేక, అచ్చయిన కొత్త కథ పట్టుకొచ్చి భోజనాల దగ్గర గొంతు సవరించుకుని మరీ చదివేడు. మబ్బు పడితే మనసు ముసురుకునే ఒక ఇల్లాలు. గిన్నెలు కడిగినవే కడుగుతుంది. ఆ ఇల్లాలెవరో అందరికీ తెలుస్తూనే ఉంది, ఎవరూ తలెత్తలేదు. చివర్లో ఆవిడ తెల్లచీర కట్టుకుని, వానలో తడుస్తూ, నిండు గోదారిలోకి నడిచి వెళ్లిపోతుంది. గోదారి ఆమెని తల్లిలా ఒళ్లోకి తీసుకుందిట.

"ఆయ్, బాగా రాసేవురా," అన్నారు పెదనాన్న, విస్తరి వైపే చూస్తూ.

పప్పు వడ్డిస్తున్న పెద్దమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "నన్ను చంపేసేరేంటండీ మరిదిగారూ?"

"అబ్బే, అది కథ వదినా. అలా ముగిస్తేనే అందం."

"అందమా? వరద నీళ్లు దగ్గర్నించి చూసేరా మీరు? చచ్చిన గేదెలు ఉబ్బిపోయి కొట్టుకొస్తాయి. నేను చూసేను. నిరుడు ఈ రోజుల్లోనే, మీరు రాసిన పనికే రేవు దాకా వెళ్లేనండి. ఆ బురదా, ఆ కంపూ చూసి కడుపులో తిప్పింది. ఛీ, ఇందులోనా అనిపించి వెనక్కొచ్చేసేను. రోతే నన్ను బతికించింది. మీ కథలో అది లేదే?"

బాబాయి పత్రిక మడిచేసేడు. పెదనాన్న చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసి ఆవిడ వైపు తిరిగేరు. "నాకు చెప్పలేదేమే?" అన్నారు. అంత మెత్తటి గొంతు ఆయనకుందని మాకు తెలీదు.

"మీరు అడగలేదు," అంది పెద్దమ్మ.

మర్నాడే బడికి సెలవు పెట్టి ఆవిడని కాకినాడలో మనసు జబ్బులు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేరు. అప్పట్నుంచి ఏటా రోహిణి ఎండల్లోనే మాత్రలు మొదలు. వానంటే రోత చచ్చేదాకా పోలేదుగానీ, వానాకాలంలో అన్నం తినడం, అప్పుడప్పుడు ఎవర్నో ఒకర్ని వెక్కిరించడం మొదలుపెట్టింది. బాబాయి కథకి ఆ ఏడే ఎక్కడో బహుమతి వచ్చింది. శాలువా కప్పేరు. ముగింపుని తెగ పొగిడేరట.

ఆవిడకి ఏ నెలలో మబ్బు కమ్ముతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. 'ఏమ్మా, ఎలా ఉంది?' అని ఒక్క మాట అడగడానికే అన్ని వానాకాలాలు పట్టింది.