చర్చిలో గుడ్డ విప్పిన నర్సమ్మ

మా ఊరి సర్కారు ఆసుపత్రి నర్సమ్మ పోయిన నెల చనిపోయింది. గుండెపోటు. కర్నూలుకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేశాడు. నా నోట "అయ్యో" అనే మాట రాలేదు. ఆమె మీద నాకు పదకొండేళ్ల కోపం. ఊరందరి ముందర, చర్చిలో, నా మనవడి గుడ్డ విప్పి నా పరువు తీసింది. ఆ కోపం పోకముందే మనిషి పోయింది. నాది మూడో తరగతి చదువు. అయినా మన చర్చి పత్రికకు ఈ నాలుగు మాటలు నేనే రాస్తున్నాను.

ఆమె మన చర్చి మనిషి కాదు. కోయిలకుంట్లలో అంగడి పెట్టుకున్నవాళ్ల కూతురు. నుదుట ఇంత బొట్టు. పసిబిడ్డ ఉన్న ఇంటికి వస్తే ఆమెకొక అలవాటు. మగబిడ్డ అయితే గుడ్డ విప్పించి, ఎదురుగా కాళ్లు చాపుకొని కూర్చునేది. వాడు ఉచ్చ పోసేదాకా లేచేది కాదు. మజ్జిగ ఇస్తే తాగేది గానీ చూపు బిడ్డ మీదనుంచి తీసేది కాదు.

"ఏమ్మే, నీకు వేరే పని లేదా?" అని ముసలమ్మలు ఎగతాళి చేసేవాళ్లు.

"ఇదే నా పని. ధార ఎంత దూరం పడతాదో చూసి పోతా" అనేది.

మా ఇంట్లో నేను ఆ పని చేయనివ్వలేదు. కోడలు రాజంపేటలో పుట్టింట కాన్పయి, నెల బిడ్డతో వచ్చింది. బాప్తిస్మం అయ్యేదాకా బిడ్డను బయటివాళ్ల ముందు విప్పకూడదని మా ఇంటి పద్ధతి. నర్సమ్మ వాకిట్లోకి వస్తే నేను దండెం మీద ఆరేసిన గుడ్డలు చూపించాను.

"చూడు, దినానికి ఇరవై గుడ్డలు తడుపుతాండాడు. వానికేం రోగం?"

ఆమె దండెం కింద గంపలోంచి ఇంకా ఉతకని తడిగుడ్డ ఒకటి తీసి విప్పింది. "అరచెయ్యంత కూడా తడవలేదు కదప్పా. ఇరవై తూర్లు తడపడం కాదు పెద్దాయనా, ఒక్క తూరి బాగా పోయల్ల."

"నా మనవని ఉచ్చకు కూడా నీ సర్టిఫికెట్టా? పో, పో" అన్నాను. ఆమె పోయింది. రెండో రోజు మళ్లీ వచ్చింది. మళ్లీ పంపేశాను.

బాప్తిస్మం నాడు కోడలు నాకు చెప్పకుండా ఆమెను భోజనానికి పిలిచింది. నర్సమ్మ ముందు చర్చికే వచ్చి, ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చుంది. వియ్యంకులు వచ్చారు, ఇంటి దగ్గర పొట్టేలు కూర ఉడుకుతోంది. పాస్టరు అయ్యగారు బిడ్డను చేతుల్లోకి తీసుకోబోతే వాడు ఏడ్చాడు. ఎంతసేపటికీ ఆపలేదు. నర్సమ్మ లేచి నేరుగా ముందుకు వచ్చి, కోడలి ఒళ్లో ఉన్న బిడ్డ గుడ్డ విప్పేసింది. బొడ్డు కింద చెయ్యి పెట్టింది.

"ఈడ చూడండి, బత్తాయికాయంత గట్టిగా ఉండాది. వీడు పోసేదాకా నేను లేయను."

"ఏమమ్మా, ఇది చర్చి అనుకున్నావా, నీ ఆసుపత్రా?" అని నేను అరిచాను. వియ్యంకులు తలలు దించుకున్నారు. ఆమె గోరువెచ్చని నీళ్లు తెప్పించి బిడ్డ పాదాల మీద పోసింది. అందరం నిలబడే ఉన్నాం. చివరికి వాడు ముఖం ఎర్రగా చేసుకొని ముక్కాడు. నాపరాయి మీద ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. అంతే.

"అయ్యగారూ, పేరు రేపు పెట్టచ్చు. మూత్రపిండాలు పోతే మళ్లీ రావు" అంది.

అయ్యగారు తెలివైన మనిషి. ఆటోలో ఎక్కించిన తర్వాత సీసాలో నీళ్లు తలమీద చల్లి పేరు పెట్టి, "పోండి" అన్నారు. మా పొట్టేలు కూర ఎవరు తిన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

కర్నూలులో డాక్టరమ్మ చెప్పింది. ఉచ్చ వచ్చే దారికి పుట్టుకతోనే ఒక పొర అడ్డం ఉంది. లోపల నిండిపోయి, వెనక్కి తన్ని, మూత్రపిండాలను ఉబ్బిస్తోంది. నేను గొప్పగా చూపించిన ఇరవై గుడ్డలు, నిండిన కుండ పొర్లితే పడిన తడి. గొట్టం వేయగానే సంచీ నిండింది. కొన్నాళ్లకు పొర తీసేశారు. ఒక మూత్రపిండం అప్పటికే చెడిపోయింది. రెండోది దక్కింది.

తిరిగొచ్చాక ఆమెను అడిగాను. "నన్ను బయటికి పిలిచి చెప్పకూడదా?"

"బయటికి పిలిస్తే వచ్చేటోనివా నువ్వు?" అంది.

ఆ మాట నిజమని తెలిసే కోపం పెట్టుకున్నాను. ఆమె మాత్రం ఆరు నెలలకొకసారి మా వాకిట్లో నిలబడి కేకేసేది. "పెద్దాయనా, రక్తం చూపించినారా? బీపీ చూసినారా? స్కానింగు తేదీ దాటిపోతాంది." బాగానే ఉన్నాడు కదా అంటే, "కాపాడినాం అనుకోవద్దు. కాపలా కాస్తాండాం అనుకో" అనేది. ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. బడిలో గంట కొట్టకపోయినా వేళకు ఉచ్చకు పంపమని అక్కడి అయ్యవారికి మా చేత చెప్పించింది ఆమే. నేను ఒక్కసారి కూడా "మంచిపని చేశావమ్మా" అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. మంచిపని చేశావమ్మా. ఆలస్యంగా చెప్పినందుకు తప్పు నాదే.

ఆమె జాగాలోకి ఇంకా ఎవరూ రాలేదు. పోయిన వారం కింది వీధిలో, నా వయసువాడే ఒకాయన ఇంటికి పోయాను. మనవడు పుట్టి నలభై రోజులు. నర్సమ్మ మాదిరి నేనూ కాళ్లు చాపుకొని కూర్చున్నాను.

"నీకెందుకప్పా మా పిల్లోని ఉచ్చ సంగతి? ముసలితనంలో నర్సు పని మొదలుపెట్టినావా?" అన్నాడు ఆయన.

"మొదలుపెట్టినా. విప్పు."

విప్పలేదు. వాళ్ల కోడలే తడిక చాటున విప్పి నాకు చూపించింది. చుక్కలు. ముక్కి, ఏడ్చి, చుక్కలు. "రేపే కర్నూలు పోదాం" అంటే, "శనగ కోతలు అయిపోనీ. గుడ్డలు తడుపుతానే ఉండాడు కదా" అన్నాడు. నాలుగుసార్లు పోయాను. నాలుగుసార్లూ అదే మాట.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ధార బాగున్నా సరే, జ్వరమొస్తేనో పాలు తాగకపోతేనో బిడ్డను డాక్టరుకు చూపించాలని ఆమె అందరికీ చెప్పేది. ఇది అందరికీ. కింది వీధి పెద్దమనిషీ, ఇక నీకు. నీ పేరు రాయలేదు, చదివితే నీకే తెలుస్తుంది. కోత కోసేది శనగ. లోపల చెడేది నీ మనవడి ఒళ్లు. శనగ వచ్చే ఏడు మళ్లీ పండుతుంది. ఈ పత్రిక ఆదివారం ఆరాధన తర్వాత నీ చేతికి వస్తుంది. సోమవారం పొద్దున ఆరు గంటలకు ఆటో నీ వాకిట్లో నిలబడి ఉంటుంది. దాంట్లో నేనుంటాను, సంచీలో ఉతికిన పాత చీర ముక్కలతో, ఫ్లాస్కులో వేడినీళ్లతో. పరువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, పదకొండేళ్లు నాతో మాట్లాడకపోయినా నాకేం బాధ లేదు. బిడ్డను ఎత్తుకొని వస్తావా, రావా? సోమవారం ఆరు లోపల చెప్పు.