పాలపొడి డబ్బా గల్లగురిగి

నేను చిన్నప్పుడు చిల్లర దాచుకున్న గల్లగురిగిని చూసి పోలీసులు పరుగు తీశారని మా వాళ్లు పెళ్లిళ్లలో చెప్పి నవ్విస్తుంటారు. ఒక్కరూ పరుగు తీయలేదు. నేను అక్కడే ఉన్నాను. ఆ కథ చెప్పేవాళ్లలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు.

మట్టి గురిగి కొనిస్తే నెల తిరక్కముందే పగలగొట్టేదాన్ని. అందుకని మా మేనత్త, దుబాయి నుంచి ఎవరో తెచ్చిన పాలపొడి డబ్బా ఖాళీ కాగానే తీసి దాచింది. మూతకు ఉలితో గాటు పెట్టి, చిల్లర బయటికి లాగకుండా అంచులు లోపలికి వంచింది. గిన్నెలకు మాట్లు వేసే ఆయనతో మూత కదలకుండా మాటు వేయించింది. రోజంతా నూలు కండెలు చుట్టే చేతులు కదా, ఊరుకోలేదు. తెగిన నూలు పోగేసి డబ్బా నిండా బిర్రుగా చుట్టింది. "ఇగ తియ్యరాదే, చూస్త!" అంది. తీయలేకపోయాను. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే గదిలో అరుగు మీద పెట్టాం.

ఒకసారి అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి ఆ గదిలోనే పడుకొని వెళ్లారు. తుపాకీ పట్టుకుని వచ్చినవాళ్లను పొమ్మని ఎవరనగలరు? ఆ సంగతి ఎవరో చేరవేశారు. రెండు రోజులకు పొద్దున్నే పోలీసులు దిగి, సాంచాలు ఆపించి, నాన్నను గోడ వారకు కూర్చోబెట్టారు. ఒక కానిస్టేబుల్ నా డబ్బాను ఎత్తి, బరువు తెలిసి, మెల్లగా బయటికి తెచ్చి వాకిట్లో దించి వెనక్కి జరిగాడు.

"చిల్లర సారూ, మా పిల్లది," అన్నాడు నాన్న.

"చిల్లరకి మాటు వేసి, దారం చుట్టి పెడతారా?" అన్నాడు ఎస్సై. నిజం చెప్పాలంటే ఆయన అడిగిందీ సబబే. కరీంనగర్ నుంచి బాంబులు తీసే మనుషులు వచ్చేదాకా డబ్బాను ముట్టుకోవద్దన్నాడు. నాన్నను మాత్రం జీపెక్కించమన్నాడు. ఆ రోజుల్లో జీపెక్కినవాళ్లందరూ ఇంటికి తిరిగి రాలేదు.

మా అత్త వచ్చి వాకిట్లో కూర్చుని, డబ్బాను ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. కొంగు ముడి విప్పి ఒక బిళ్ల గాటులో వేసింది. గలగలమంది.

"నా ఒళ్లెనే ఉన్నది. మీకు భయమైతే దూరం జరుగుండ్రి సారూ, నేనే కోస్త."

ఉలి పెట్టి కోసింది. చిల్లర, దానితో పాటు నేను వేసిన చొక్కా గుండీలు వాకిలంతా దొర్లాయి. ఎస్సై ఒక గుండీని బూటుతో కదిలించి చూసి, నాన్నను వదిలేయమన్నాడు.

"పిల్ల డబ్బ పాయె. ఒక రూపాయన్న ఏసిపోరాదుండ్రి!" అని వెనక నుంచి కేకేసింది అత్త. ఆయన రూపాయి వేశాడని కూడా మావాళ్లు చెబుతారు. వేయలేదు.

నేను ఎవరితోనైనా వాదిస్తాను, ఇంట్లో, కాలేజీలో, కోరుట్ల బస్సులో కూడా. కానీ గొంతు పెంచే ముందు ఒక్కసారి ఆగుతాను. నేనంటున్న ఈ మాటను అందరి ముందూ ఒళ్లో పెట్టుకుని కూర్చోగలనా అని చూసుకుంటాను. చాలా వాదనలు అక్కడే ఆగిపోతాయి.

పెద్దదాన్నయ్యాక, ఆ రోజు డబ్బాను ఎలా ఎత్తావని అత్తనే అడిగాను. "అన్నం తినే, సల్లారుతది," అని కంచం జరిపింది. అన్నలు ఉండి వెళ్లిన గదిలోంచి వచ్చిన డబ్బా అది. ఎత్తే ముందు ఊపి కూడా చూడలేదు. లోపల ఉన్నది చిల్లరేనని తెలిసే ఎత్తిందా?